బండలు ఆరేలోపు

మా పక్కింటి అత్త పోయింది. కరీంనగర్ దవాఖానలో తుంటి ఎముకకు ఆపరేషన్ చేశారు. ఆపరేషన్ బాగానే అయిందన్నారు. తర్వాత నెమ్ము చేరింది. మళ్లీ లేచి కూర్చోలేదు. వాళ్ల కొడుకు తిరుపతి నాకు ఫోన్ చేసి "వదినా, అమ్మ పోయింది" అన్నాడు. ఆపైన ఫోన్ అన్నకు ఇవ్వమన్నాడు. అన్న అంటే మా ఆయన.

ఆమె నాకు చుట్టం కాదు. గోదావరిఖనిలో వాళ్ల ఇంటికీ మా ఇంటికీ మధ్య ఒకటే గోడ. నేను పెళ్లయి ఈ గల్లీకి వచ్చిన కొత్తలో, నా పేరేమిటో అడగకుండానే "కోడలా, ఇంట్ల ఉప్పున్నదా?" అని పిలిచింది. అప్పటి నుంచి ఆమె అత్త, ఆమె భర్త మామ, కొడుకు నాకు మరిది. గల్లీలో ఆమెను పేరు పెట్టి పిలిచినవాళ్లు లేరు. నేనూ ఇక్కడ పేరు రాయడం లేదు.

శవాన్ని తెచ్చిన రోజు వచ్చినవాళ్లందరిదీ ఒకటే మాట. "గా వయసుల గంత పొద్దుగాల ఇల్లు కడుగుడేంది? తడి బండల మీద జారదా మరి?" అసలు కారణం నాకు తెలుసు. అంతమందిలో చెప్పే సంగతి కాదు. చదివేవాళ్లకు చెప్పుకుంటే తప్పు లేదనిపించి ఇది రాస్తున్నాను. అత్త శుభ్రం కోసం ఇల్లు కడగలేదు. కొడుకు నౌకరి నిలబెట్టడానికి కడిగింది.

వాళ్లది రెండు గదుల ఇల్లు. లోపలి గదిలోంచి బయటికి రావాలంటే ముందు గది దాటాల్సిందే. వెనక తలుపు లేదు. మామ బొగ్గు బాయిలో పని చేసేవాడు. మా దగ్గర గనిని బాయి అనే అంటారు. ఇల్లు కట్టినప్పుడు ముందు గదికి షాబాదు బండలు తానే దగ్గరుండి పరిపించాడు. బూడిద రంగు బండలు, చేత్తో తడిమితే అద్దంలా నున్నగా ఉండేవి. మా వైపు ఎండకాలం ఎట్లా ఉంటుందో తెలిసినవాళ్లకు ఆ బండల చల్లదనం గురించి చెప్పనక్కర్లేదు. అత్తకు అవంటే గర్వం. మాది సిమెంటు గచ్చు. "మీ గచ్చు మీద అన్నం పడితె ఊడ్సుకోవాలె. మా బండ మీద పడితె ఎత్తుకొని తినాలె" అని నన్ను ఏడిపించేది.

బాయిలో పైకప్పు బండ ఊడి మామ నడుము మీద పడింది. ప్రాణం మిగిలింది. కాళ్లు పడిపోయాయి. ఇక పనికి రాలేడని డాక్టర్లు తేల్చాక ఆ నౌకరి కొడుక్కి వచ్చింది. తిరుపతి తండ్రి దిగిన బాయిలోకే దిగడం మొదలుపెట్టాడు. మామ ముందు గదిలో నేల మీద పడుకున్నాడు. చీకటి పడ్డాక బొంత వేసేవాళ్లు. పగలు మాత్రం చాప కూడా వద్దనేవాడు. ఉత్త బండ చల్లదనమే కావాలి. అత్త రోజూ ఆకు పసరు పోసి కాచిన నూనెతో అతని భుజాలు, వీపు, పిక్కలు, మడమలు మర్దన చేసేది. పక్కకు తిప్పి రుద్దేది, మళ్లీ వెల్లకిలా పడుకోబెట్టేది.

"పైకెల్లి పడ్డది బండనే, కింద పండవెట్టింది బండ మీదనే. గీ మనిషికి బండలతోనే సుట్టరికం" అనేది రుద్దుతూ.

"నువ్వు మటుకు మెత్తగున్నవా?" అనేవాడు మామ.

గోడకు ఇవతల నేను నవ్వితే ఆమెకు వినిపించేది. "నవ్వు, నవ్వు. నీ మొగడు గూడ గిట్లనే తయారైతడు" అని అక్కడి నుంచే కేకేసేది. అని వెంటనే నాలుక కరుచుకునేది. బాయి పనివాళ్ల ఇళ్లలో అలాంటి మాట సరదాకు కూడా అనరు.

రెండు మూడేళ్లకు మామ పోయాడు. దినాలు అయిపోయాక ఇల్లంతా కడిగారు. నేల ఆరిన తర్వాత మచ్చ కనబడింది. అన్నాళ్లూ అక్కడ మనిషి ఉన్నాడు కాబట్టి ఎవరూ చూడలేదు. నూనె బండల్లోకి ఇంకి నల్లబడింది. తల, భుజాలు, వీపు, మడమలు, అన్నీ వేరువేరుగా తెలుస్తున్నాయి. మామ వెల్లకిలా పడుకున్నట్టే ఉంది. లోపలి గడపకూ బయటి గడపకూ మధ్య, నడిచే దారికి అడ్డంగా.

చూసినవాళ్లు మొదట్లో మెచ్చుకున్నట్టే మాట్లాడారు. ఎంత సేవ చేస్తే అంత గుర్తు పడింది అన్నారు. తిరుపతి మాత్రం డ్యూటీకి పోవడం మానేశాడు.

ఒకేసారి మానలేదు. పొద్దున్నే లేచి, తయారై, టిఫిన్ డబ్బా పట్టుకొని లోపలి గడప దాకా వచ్చి ఆగిపోయేవాడు. కొన్నాళ్లు గోడకు అంటుకొని దాటాడు. తర్వాత అదీ చేతకాలేదు. అత్త ముందు బతిమాలింది, తర్వాత తిట్టింది. ఒకరోజు నన్ను పిలిచి "నువ్వన్న అడుగు కోడలా, నాకైతె జెప్పడు" అంది. అడిగాను.

"బాపు ఉన్నప్పుడు, బాపూ పోయొస్త అని పక్కకెల్లి పోయేటోణ్ని వదినా. ఇప్పుడు ఏమని పోవాలె?" అన్నాడు. మళ్లీ తనే అన్నాడు. "బాయిల పైకి సూస్తె బండ. ఇంట్ల కిందికి సూస్తె బాపు."

డ్యూటీకి పోని రోజును మా దగ్గర నాగా అంటారు. నాగాలు మితిమీరితే నౌకరి ఉండదు. తండ్రి నడుము విరిగితే వచ్చిన నౌకరి అది. పోతే ఆ ఇంటికి ఇంకొకటి రాదు. మా ఆయనదీ ఆ బాయే. ఆఫీసులో తిరుపతి నాగాల మాట నడుస్తోందని వచ్చి చెప్పాడు. మనసు డాక్టరుకు చూపించమన్నాడు. తీసుకుపోయారు. గోళీలు ఇచ్చారు. అవి వేసుకుంటే పొద్దున తెలివి వచ్చేది కాదు. అదొక నాగా.

మచ్చ మీద చాప పరిస్తే సరిపోతుంది కదా అని మీరు అనుకోవచ్చు. మేమూ అనుకున్నాం, పరిచాం. తిరుపతి గడప దగ్గరే కూలబడ్డాడు. "మొకం మీద గుడ్డ కప్పినట్టున్నది, తీయుండ్రి" అన్నాడు. తీసేశాం.

ఇక మచ్చను పోగొట్టడం తప్ప దారి లేదని అత్త నిశ్చయించుకుంది. సబ్బు పెట్టి రుద్దింది. బట్టల సోడా చల్లింది. పొయ్యిలో బూడిద తెచ్చి కొబ్బరి పీచుతో తోమింది. నేనూ ఒక పక్క నుంచి తోమాను. "నువ్వు గట్ల నిమిరితె మచ్చకు నిద్రొస్తది గని పోదు. జర జోరుగ రుద్దు" అని కసిరింది. ఇద్దరి చేతులూ బొబ్బలెక్కాయి. బండ తళతళలాడింది. మచ్చ ఇంకా నిగనిగలాడింది.

ఆ తర్వాత ఆమెకు మామ చెప్పిన సంగతి ఒకటి గుర్తొచ్చింది. బాయిలో బొగ్గుదుమ్ముకు నిప్పు అంటుకోకుండా దాని మీద తెల్లటి రాతిపొడి చల్లుతారు. మా ఆయన కూడా ఎన్నోసార్లు ఆ పొడితో తెల్లబడిన బట్టలతో వచ్చాడు. "బాయిల బొగ్గుదుమ్మునే అణగవెడ్తది రాతిపొడి. గింత నూనెను గుంజదా?" అంది. రాతిపొడి అంటే ఇంట్లో ఉండే ముగ్గుపిండే. అందులో తినే సోడా వేసి, నీళ్లతో చిక్కగా కలిపి, మచ్చ మీద మందంగా మెత్తింది. పైన ప్లాస్టిక్ కవరు పరిచి అంచులకు ఇటుకలు పెట్టింది. ఒకేసారి అంతా మెత్తితే తెల్లటి మనిషి పడుకున్నట్టు ఉంటుందని, మడమల నుంచి మొదలుపెట్టింది.

మర్నాడు కవరు తీస్తే, ఎండిన ముద్ద అడుగున పసుపుపచ్చగా ఉంది. అత్త దాన్ని వాసన చూసి నా ముక్కు దగ్గర పెట్టింది. పసరు నూనె వాసన. "సూసినవా కోడలా, తాగింది! మెల్లగ గుంజుతది. ఎక్కనీకె ఎన్నొద్దులు వట్టిందో, దిగనీకె గన్నొద్దులు అడుగుతది. అడగనియ్యి" అంది. మామ పోయాక ఆమె మొహం తేలికపడటం ఆ రోజే చూశాను. మళ్లీ మెత్తింది, మళ్లీ తీసింది. వారాలు పట్టింది గానీ మడమలు మాసిపోయాయి, పిక్కలు మాసిపోయాయి, మోకాళ్ల దాకా బండ మామూలు రంగుకు వచ్చింది. చేయవలసిన పద్ధతి అదే. ఓపిక పడితే అంతా పోయేదేమో.

ఒకరోజు తిరుపతి గడప దగ్గర నిలబడి చూశాడు.

"బాపు కాళ్లు మళ్ల పోయినయి" అన్నాడు.

అత్త పిండి గిన్నె కింద పెట్టేసింది. మడమల నుంచి మొదలుపెట్టాలని అనుకున్నప్పుడు మా ఇద్దరిలో ఒక్కరికీ ఆ ఊహ రాలేదు. ఆ వారంలోనే ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. ఇకనైనా డ్యూటీకి రాకపోతే తీసేస్తామని దాని సారాంశం. ముగ్గుపిండి అడిగినన్ని రోజులు ఇక అత్త దగ్గర లేవు.

మా గల్లీకి ఒకతను మోపెడ్ మీద ఫినాయిల్, యాసిడ్ అమ్ముకుంటూ వస్తాడు. మా నీళ్లకు స్నానాల గదులు పసుపుబారుతాయి, అందరం యాసిడ్ పోసే కడుగుతాం. అత్త అతన్ని ఆపింది.

"నూనె మచ్చ పోతదా కొడుకా?"

"పాపాలు తప్ప అన్ని పోతయి పెద్దమ్మా."

మచ్చ అంచుల దాకా సీసా మొత్తం పోసేసింది. బండ బుసబుసా పొంగింది. తెల్లటి నురగ, పొగ. ఇద్దరం దగ్గుతూ బయటికి పరుగెత్తాం. షాబాదు బండ సున్నపురాయి జాతి అని మాకు తర్వాత తెలిసింది. "దాని మీద యాసిడ్ పోసుడంటె పాలల్ల నిమ్మకాయ పిండినట్టేనమ్మా" అన్నాడు బండలకు పాలిష్ పట్టేవాడు. నునుపంతా తినేసింది, లోపలి నూనె లోపలే ఉంది, బండలు మార్చుకోవడమే అన్నాడు. దవాఖానల చుట్టూ తిరిగి తిరిగి చితికిపోయి ఉన్న ఆ ఇంటికి అప్పుడు అది అయ్యే పని కాదు.

ఆ మాట తర్వాతిది. యాసిడ్ పోసిన రోజు నురగ తగ్గాక అత్త బిందెలతో నీళ్లు కుమ్మరించి కడిగింది. కడిగి, గోడ మీద దబదబా బాదింది. "కోడలా, పోయింది! జల్ది రా, పోయింది!" ఉరికాను. నిజంగానే లేదు. తడికి గదంతా ఒకటే నలుపు, ఎక్కడా మనిషి లేడు. ఆమె నా చెయ్యి పట్టుకుంది. నా చెయ్యి మండింది, ఆమె చేతికి యాసిడ్ అంటి ఉన్నట్టుంది. చూస్తుండగానే నేల ఆరడం మొదలైంది. ముందు భుజాలు వచ్చాయి. తర్వాత వీపు. ఈసారి తెల్లగా, గరుకుగా, మోకాళ్ల దాకా. మాసిపోయిన పిక్కలు మాత్రం రాలేదు.

అత్త ఏడవలేదు. చెంబుతో నీళ్లు తెచ్చి భుజం మీద పోసింది. భుజం మాయమైంది. ఆరింది, వచ్చింది. మళ్లీ పోసింది. చాలాసేపు అట్లా పోస్తూ కూర్చుంది.

"తడి ఉన్నంతసేపు లేడు" అంది.

మర్నాటి నుంచి మొదటి షిఫ్టుకు ముందే లేవడం మొదలుపెట్టింది. బిందెలు నింపి పెట్టుకొని, లోపలి గడప నుంచి బయటి గడప దాకా గదంతా తడిపేది. తడిపి, టిఫిన్ డబ్బా పట్టుకొని బయటి గడప దగ్గర నిలబడేది. డబ్బా కావాలంటే తిరుపతి గది దాటి రావాల్సిందే. వచ్చాడు. మొదటి రోజు గోడ పట్టుకొని, తర్వాత తర్వాత మామూలుగా. నీళ్లెందుకని ఒక్కనాడూ అడగలేదు. ఆమె చెప్పలేదు.

ఎండకాలంలో కష్టమయింది. ఒక పక్క పోస్తుంటే ఇంకో పక్క ఆరేది. వాడు లోపల చొక్కా వేసుకుంటుంటే ఈమె ముందు గదిలో బిందెతో అటూ ఇటూ ఉరికేది. "జల్ది రా బిడ్డా, ఆరుతున్నది! ఆరుతున్నదిరా!" అనే కేక రోజూ గోడ ఇవతల నాకు వినిపించేది. చలికాలంలో ఆమె కాళ్లు పగిలి నెత్తురు వచ్చేది. పడిశం పట్టుకుంటే వదిలేది కాదు.

"అత్తా, ఏదో ఒకనాడు జారి పడ్తవు" అన్నాను.

"బాయిల దిగేటోడు పడితె భయం గని, ఇంట్ల ఉండేదాన్ని పడితె ఏమున్నది? ఫికర్ జెయ్యకు" అంది.

నాగాలు ఆగిపోయాయి. నల్లా దగ్గర నీళ్లు పట్టుకునే ఆడవాళ్లకు, కూరగాయల బండివాడికి కూడా చెప్పేది. "ఈ నెల మా పోరడు ఒక్క నాగ పెట్టలే." కూరగాయలవాడు ఆ మాటకు ఏమనాలో తెలియక రెండు పచ్చిమిరపకాయలు ఎక్కువ వేసేవాడు.

ఆమె పడ్డ రోజు నేను నల్లా దగ్గర ఉన్నాను. తిరుపతి డబ్బా తీసుకొని గడప దిగి, నాకు ఎదురుగా గల్లీలో నడుచుకుంటూ పోయాడు. నేను బిందె ఎత్తుకొని ఇంట్లోకి వచ్చాక గోడ మీద చప్పుడైంది. చెంబుతో కొడుతున్నట్టు, మెల్లగా. పోయి చూస్తే అత్త తడి బండల మీద పక్కకు పడి ఉంది. ఒక కాలు తిరిగిపోయి ఉంది. కొంగు నోట్లో కుక్కుకొని ఉంది.

నన్ను చూసి కొంగు తీసింది. "వాడు మలుపు తిరిగిండా?"

"తిరిగిండు అత్తా."

"బస్సెక్కిండా?"

"ఎక్కే ఉంటడు."

అప్పుడు అరిచింది. ఆ అరుపు నేను రాయలేను. అంతసేపూ దాన్ని పళ్ల కింద పట్టి ఉంచింది. అరిస్తే కొడుకు వెనక్కి వస్తాడు, వస్తే ఆ రోజు నాగా. మా ఆయన ఆటో తెచ్చాడు. ఎత్తుతుంటే నొప్పికి కళ్లు తేలేస్తూ కూడా చెప్పింది. "షిఫ్టు దిగినంకనే చెప్పుండ్రి. మస్టర్ పడనియ్యుండ్రి." మస్టర్ అంటే ఆ రోజు హాజరు.

షిఫ్టు అయ్యాకే చెప్పాం. ఆ తర్వాత దవాఖాన రోజులకు వాడికి సెలవు ఇచ్చారు. మంచం పక్కనే కూర్చున్నాడు. నేను పోయినప్పుడల్లా అత్త ఒకటే అడిగేది, సెలవు ఎప్పటిదాకా ఉన్నదని. ఆఖరి రోజుల్లో నన్ను గుర్తుపట్టలేదు. "ఆరుతున్నది" అని మటుకు అంటుండేది. నర్సులు దాహం అనుకొని పెదాలు తడిపేవాళ్లు.

శవాన్ని ముందు గదిలోనే పెట్టారు. ఎవరూ చెప్పకుండానే మచ్చకు పక్కగా, గోడ వారగా పెట్టారు. భార్యాభర్తలు పక్కపక్కనే పడుకున్నట్టు నాకొక్కదానికే అనిపించిందో, అందరికీ అనిపించిందో తెలియదు.

దినాలైపోయాక తిరుపతి డ్యూటీకి పోవలసిన రోజు వచ్చింది. ఆ పొద్దున నేను డబ్బా కట్టి, నీళ్ల బిందెతో వాళ్లింటికి పోయాను. వాడు అప్పుడే మొహం కడుక్కొని లోపలి గడప దగ్గర నిలబడ్డాడు. నేల పొడిగా ఉంది. మామ ఉన్నాడు. నేను బిందె వంచబోయాను.

"వద్దు వదినా."

"మరెట్ల పోతవు?"

గడప దాటకుండానే చెప్పాడు. "అమ్మ పడ్డప్పుడు నాకు సప్పుడు ఇనవడ్డది. గడప దిగిన, అంతే. ఎనక్కి మర్రి సూడలె. సూస్తె ఆరి ఉంటదేమోనని సూడలె."

బిందె కింద పెట్టాను.

వాడు బూట్లు తెచ్చుకొని మచ్చ పక్కనే కింద కూర్చున్నాడు. ఒక్కో తాడూ బిగించి కట్టుకున్నాడు. లేవడానికి నేల మీద చెయ్యి ఆన్చాడు. ఆన్చింది భుజం ఉన్న చోట. చూసుకొనే ఆన్చాడు. బరువంతా దాని మీద మోపి లేచి, నా చేతిలోని డబ్బా తీసుకొని, వెనక్కి చూడకుండా పోయాడు. రేపు పోతాడా, ఎల్లుండి పోతాడా, నేను చెప్పలేను.

మొహం కడుక్కొని తుడుచుకోకుండా వచ్చాడు కాబట్టి చేతి తడి అంటింది. తెల్లటి భుజం మీద నల్లగా ఐదు వేళ్లు. ఆ అరచేయి పట్టినంత మేర మచ్చ లేదు. నేను అక్కడే నిలబడి చూశాను. చిటికెన వేలు ముందు ఆరింది. బొటనవేలు మొదట్లో వాడు గట్టిగా అదిమిన చోట తడి చాలాసేపు ఉంది.